మన వరండాలోని చేపల తొట్టె: వెనక తగిలించే ఫిల్టరు సంగతి

(రాసినది: 9వ తరగతి విద్యార్థిని)

ఆఫీసు గది ముందు వరండాలో ఉన్న అద్దాల తొట్టెకు డిసెంబరు మొదటి వారంలో కొత్త ఫిల్టరు వచ్చింది. వచ్చిన రోజు నుండి నన్ను అందరూ అడుగుతనే ఉన్నరు. అది ఏం జేస్తది, ఎందుకు గుడగుడమంటది, రాత్రి బంద్ చేయొచ్చా, నీళ్లల్ల ఉండే ఫిల్టరు కాకుండా ఈ వెనక తగిలించేది ఎందుకు కొన్నరు అని. సైన్స్ మేడంతో పాటు షాపుకు నేను కూడా పోయిన కాబట్టి తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను. చిన్న పిల్లలకు అర్థం కాకపోతే పెద్దక్కలు చదివి చెప్పగలరు.

ముందు పాత సంగతి ఒకటి చెప్పాలి. దసరా సెలవులకు ముందు మన తొట్టెలో 11 చేపలు నాలుగు రోజుల్లో చనిపోయాయి. అప్పుడు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసినోళ్లందరికీ యాది ఉంటది. అడుగున రాళ్లను ఒక్కొక్కటి లెక్క పెట్టొచ్చు. మూడో తరగతి పిల్లలు "నీళ్లు మంచిగనే ఉన్నయి గదా అక్కా, ఎందుకు సచ్చిపోయినయి" అని ఏడ్చిండ్రు. ఇంటి మీద బెంగ వచ్చినప్పుడు వాళ్లు పోయి కూసునేది ఆ తొట్టె ముందరనే. కొందరు దిష్టి తగిలిందన్నరు, కొందరు మేత ఎక్కువైందన్నరు. అసలు జరిగింది వేరే. తనిఖీకి పెద్ద సార్లు వస్తున్నారని, తొట్టె అందంగా కనబడాలని, ఎవరో మంచి మనసుతోనే ఫిల్టరు మొత్తం విప్పి స్పాంజిని సబ్బు పొడితో తెల్లగా కడిగారు. తొట్టె నీళ్లన్నీ పారబోసి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన ట్యాంకు నీళ్లు అప్పటికప్పుడు పట్టి నింపారు. తనిఖీ రోజు తొట్టె అద్దం లెక్క మెరిసింది. తర్వాత నాలుగు రోజులకు ఖాళీ అయింది.

తేటగా కనబడే నీళ్లన్నీ చేపలకు పనికొచ్చే నీళ్లు కావు. ఇది ఒక్కటి అర్థమైతే ఏ ఫిల్టరు కొనాలో, దాన్ని ఎట్ల వాడాలో సగం తెలిసినట్టే.

ఎందుకంటే చేపను చంపే విషం కంటికి కనబడదు. చేప తన మొప్పల నుండి అమోనియా అనే పదార్థాన్ని నీళ్లలోకి వదులుతుంది. దాని రెట్ట, తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమోనియానే వస్తుంది. వాగులోనైతే అది కొట్టుకపోతది. తొట్టెలో ఎక్కడికి పోతది? అక్కడనే జమ అవుతుంది. చేప మొప్పలు ఎర్రబడి, నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంటే చాలామంది ఆకలి అనుకొని ఇంకింత మేత వేస్తారు. దాంతో అమోనియా ఇంకింత పెరుగుతుంది.

నత్రజని వలయం పాఠం ఇక్కడ పనికొస్తుంది. నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియాలు అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తాన్ని గోధుమ రంగుకు మార్చి, ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. తర్వాత ఇంకో రకం బాక్టీరియాలు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను చేప చాలావరకు తట్టుకుంటుంది. ఈ రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అయితే 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో, మంచినీటి చేపల తొట్టెల్లో ఆ పని చేసేది నైట్రోస్పైరా అనే వేరే రకం అని తేలిందంట. సైన్స్ మేడం చెప్పింది. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయాలి!

ఈ బాక్టీరియాలు నీళ్లల్ల ఎక్కువ తేలవు. ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకొని బతుకుతాయి. రాళ్లకు, అద్దానికి, అన్నిటికంటే ఎక్కువ ఫిల్టరులోని స్పాంజికి. స్పాంజిలో సన్న సన్న రంధ్రాలు ఉంటాయి కాబట్టి అంత చిన్న ముక్కలోనే వాటికి మస్తు జాగ దొరుకుతుంది. నీళ్లు ఎడతెగకుండా పారుతూ వాటికి తిండి (అంటే అమోనియా), ప్రాణవాయువు తెచ్చి ఇస్తుంటాయి. ఆదివారం మా బాపు వచ్చినప్పుడు ఇదంతా చెప్పిన. బాపు సదువుకోలేదు. కొంచెంసేపు తొట్టె చూసి, "వాగుల రాళ్లకు జిగురు ఉంటది గదా, అదే ఇది. ఆ రాళ్లను ఎవరన్న తోముతరా?" అన్నడు. మా గోండిలో నీళ్లను ఏర్ అంటాం. తెలుగులో ఏరు అంటే వాగు. ఫిల్టరు అంటే తొట్టెకు తగిలించిన చిన్న ఏరు అనుకుంటే సరిపోతది.

ఇప్పుడు ఫిల్టరు ఎట్ల పనిచేస్తదో చెప్తాను. దీన్ని షాపులో హ్యాంగ్ ఆన్ ఫిల్టరు అంటరు. తొట్టె వెనక అంచుకు కొక్కెం లాగా తగులుకొని బయట వేలాడే ప్లాస్టిక్ డబ్బా. దాని నుండి ఒక గొట్టం తొట్టె నీళ్లలోకి దిగి ఉంటుంది. మోటారులో చిన్న రెక్కల చక్రం, దానికి అయస్కాంతం ఉంటాయి. కరెంటు తీగ చుట్ట వేరే సీలు వేసిన భాగంలో ఉంటుంది కాబట్టి నీళ్లు తగలవు. చక్రం తిరిగితే గొట్టంలోంచి నీళ్లు పైకెక్కి డబ్బాలో పడతాయి. అక్కడ స్పాంజి గుండా, సిరామిక్ రింగుల గుండా పోతాయి. ఈ రింగులు తెల్లగా, చిన్న గొట్టం ముక్కల్లెక్క బోలుగా ఉంటాయి. డబ్బా నిండగానే నీళ్లు ముందరి పెదవి మీదుగా జారి మళ్లీ తొట్టెలో పడతాయి. అట్ల పడేటప్పుడు నీటి పైభాగం కదులుతుంది, గాలి కలుస్తుంది. చేపలకు, బాక్టీరియాలకు ఇద్దరికీ అది కావాలి. మీరు అడిగిన గుడగుడ అదే.

పాత ఫిల్టరు నీళ్లలో మునిగి ఉండేది. కడగాలంటే మోచేతుల దాక చేతులు పెట్టి తీయాలి, తీసేటప్పుడు మురికి మొత్తం తొట్టెలోనే ఊడి పడేది. దాంట్లో స్పాంజి ముక్క కూడా అగ్గిపెట్టెలు రెండు కలిపినంతనే. చివరికి మోటారు కూడా కాలిపోయింది. కొత్తదాంట్లో మూత తీసి స్పాంజి ఒక్కటే పైకి తీయొచ్చు, చేపలకు తెలియను కూడా తెలియదు. అయితే గప్పీ పిల్లలను మాత్రమే పెంచే చిన్న తొట్టె అయితే, గాలి పంపుతో నడిచే మామూలు స్పాంజి ఫిల్టరే మంచిది. ధర తక్కువ, పిల్లల్ని లోపలికి గుంజదు. అందరూ వెనక తగిలించేదే కొనాలని నేను అనను.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది తొట్టె లెక్క. మన తొట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. గుణిస్తే 54,000 ఘన సెంటీమీటర్లు, అంటే 54 లీటర్లు. అడుగున రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు సుమారు 45 లీటర్లు. ఫిల్టరు గంటకు తొట్టె నీళ్లన్నిటినీ 4 నుండి 6 సార్లు తిప్పాలి. 45ను 4తో గుణిస్తే 180, 6తో గుణిస్తే 270. డబ్బా మీద రాసిన అంకె స్పాంజి లేకుండా, మోటారు కొత్తగా ఉన్నప్పటి లెక్క. స్పాంజికి మురికి పట్టిన కొద్దీ తగ్గుతుంది. అందుకని మేం గంటకు 300 లీటర్లు అని రాసినది, నీళ్ల వేగం తగ్గించే మీట ఉన్నది తీసుకున్నాం. షాపాయన 600 లీటర్లది చూపించి "పెద్దది అయితే ఇంకా మంచిగ శుభ్రం చేస్తది" అన్నడు. అంత వేగంలో గప్పీలు రోజంతా ఎదురీదుడే అవుతుంది. ఫైటర్ చేపకైతే ఇంకా కష్టం, దానికి పెద్ద రెక్కలు, నిలిచిన నీళ్లంటేనే ఇష్టం.

నా లెక్కలో మాత్రం లీటర్ల కంటే ముఖ్యమైనది డబ్బా లోపలి జాగ. కొన్నిటిలో పలచటి అట్టముక్క లాంటి కార్ట్రిడ్జి ఒక్కటే పడుతుంది, దాని లోపల కార్బన్ పొడి. నెలకొకసారి అది పారేసి కొత్తది పెట్టమని రాసి ఉంటది. పారేస్తే దానితో పాటు బాక్టీరియాలు కూడా పోతాయి గదా! నెల నెలా మన దసరా సంగతే అయితది. మనం లావు స్పాంజి, రింగులు రెండూ పట్టే డబ్బా తీసుకున్నాం. కార్బన్ అవసరం తక్కువ. నీళ్లకు రంగు, వాసన వచ్చినా, చేపలకు మందు వేసి తర్వాత ఆ మందు తీసేయాలన్నా పనికొస్తుంది, కొన్ని వారాలకే దాని శక్తి అయిపోతుంది. షాపాయన నాలుగు ప్యాకెట్లు అమ్మాలని మస్తు చూసిండు. మేడం ఒక్కటి కూడా తీసుకోలేదు.

మన దగ్గర కరెంటు పోవుడు ఎక్కువ కాబట్టి మోటారు ఎక్కడ ఉందో కూడా చూసినం. కొన్నిటికి మోటారు బయటి డబ్బాలో ఉంటుంది. వాటిని మొదలు పెట్టే ముందు డబ్బాను చెంబుతో నీళ్లు పోసి నింపాలి. కరెంటు పోయినప్పుడు తొట్టెలో నీటిమట్టం తగ్గి ఉంటే గొట్టంలో గాలి చేరుతుంది. మళ్లీ కరెంటు వచ్చినా నీళ్లు ఎత్తలేక మోటారు ఉత్తగనే తిరిగి వేడెక్కుతుంది. అట్ల ఎక్కువసేపు తిరిగితే పాడవుతుంది. ఇంకొన్నిటికి మోటారు గొట్టం కింది భాగంలో, నీళ్లలో మునిగి ఉంటుంది. కరెంటు రాగానే దానంతట అదే మొదలవుతుంది. మనది ఈ రకం. ధర కొంచెం ఎక్కువైనా రాత్రి రెండు గంటలకు లేచి చెంబుతో నీళ్లు పోసేటోళ్లు ఎవరున్నరు?

చిన్న చిన్నవి ఇంకొన్ని. తొట్టెకు గోడకు మధ్య 10 సెంటీమీటర్ల పైన ఖాళీ ఉండాలి, లేకపోతే డబ్బా పట్టదు. గొట్టం నోటికి చిన్న స్పాంజి తొడుగు వేయాలి, లేదంటే గప్పీ పిల్లలు లోపలికి పోతాయి. కరెంటు తీగ తొట్టె నుండి కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి స్విచ్ బోర్డుకు పోవాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటి బొట్టు వంపు దగ్గర నేల మీద రాలిపోతుంది, బోర్డులోకి పోదు. తొట్టెలో చెయ్యి పెట్టే ముందు ఫిల్టరు స్విచ్ బంద్ చేయాలి. ఇది చిన్నపిల్లలు పెద్దక్కల చేత చేయించుకోవాలి, సొంతంగా చేయొద్దు.

వార్డెన్ మేడం గారు బిల్లు సంగతి అడిగారు. ఈ మోటారు 5 వాట్లది. రోజుకు 24 గంటలు నడిస్తే 120 వాట్ గంటలు. 30 రోజులకు 3,600. అంటే నెలకు 3.6 యూనిట్లు. రోజుకు అయ్యే ఖర్చు, మన గదిలో 9 వాట్ల బల్బు ఒక రాత్రంతా మర్చిపోయి వదిలేస్తే అయ్యే ఖర్చు కంటే కొంచెమే ఎక్కువ. కాబట్టి రాత్రి బంద్ చేయొచ్చా అన్నోళ్లకు జవాబు: చేయొద్దు. రాత్రి కూడా చేప మొప్పలు ఆడుతనే ఉంటయి, బాక్టీరియాలకు గాలి కావాల్నే.

ఫిల్టరు తగిలించిన రోజే అది పని మొదలు పెట్టదు. మోటారు తిరుగుతది, నీళ్లు పారుతయి, కానీ స్పాంజి ఖాళీ ఇల్లు. బాక్టీరియాలు చేరి పెరగడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. చలిలో ఇంకా ఆలస్యం, మన ఆదిలాబాద్ వైపు చలి సంగతి తెలిసిందే కదా. అందుకే ఒకేసారి 11 తేకుండా ఆరు గప్పీలే తెచ్చినం. మేడం షాపాయనను అడిగి, బాగా నడుస్తున్న తొట్టెలోంచి ఒక పాత స్పాంజి ముక్క తెచ్చింది. ఆ తొట్టె నీళ్లలోనే తడిగా కవరులో పెట్టి తెచ్చి మన డబ్బాలో వేశాం. "ఇన్నేండ్లల్ల కొత్త స్పాంజి అడిగినోళ్లే గాని మురికి స్పాంజి అడిగినోళ్లను చూడలె" అని ఆయన నవ్విండు. ఇట్ల చేస్తే బాక్టీరియాలు తొందరగా నిండుతాయి. ఒక్కటే భయం, ఆ తొట్టెలో రోగం ఉంటే అది కూడా వస్తది. అందుకే ముందు అక్కడి చేపలను బాగా చూసి అడిగినం. ఇప్పుడు మనది ఐదో వారం. ఇంకా గండం పూర్తిగా దాటలేదు. మేత రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేంతనే వేయాలి. ముద్దు కొద్దీ అన్నం మెతుకులు వేస్తున్న చెల్లెళ్లు దయచేసి మానుకోవాలి.

ఇక కడుగుడు. స్పాంజిని తేదీ చూసి కాదు, నీళ్లు పడే వేగం చూసి కడగాలి. పెదవి మీంచి పడే ధార సన్నబడితే సమయం వచ్చినట్టు. మామూలుగా రెండు మూడు వారాలకు ఒకసారి. తొట్టెలోంచి ఒక బకెట్ నీళ్లు తీసి, ఆ నీళ్లలోనే స్పాంజిని నాలుగైదు సార్లు పిండాలి. నల్లటి మురికి పోతే చాలు. గోధుమ రంగు అట్లనే ఉంటది, ఉండనీయాలి. సబ్బు వద్దు, పౌడరు వద్దు, నల్లా నీళ్లు వద్దు. స్పాంజి కడిగిన రోజు రింగులను ముట్టొద్దు. వాటిని ఇంకో నెలలో, అవి బాగా మూసుకుపోతేనే, అదే విధంగా నీళ్లలో ఊపి తీయాలి. ధార బాగానే ఉండి గరగర చప్పుడు వస్తే రెక్కల చక్రంలో ఇసుక రవ్వ పడి ఉంటది. దాన్ని తీసి పాత పళ్ల బ్రష్‌తో తుడవాలి. నీళ్లు ఎత్తు నుండి పడ్డ చప్పుడు వస్తే తొట్టెలో నీళ్లు ఆవిరై తగ్గాయని అర్థం, నింపితే పోతది.

ఫిల్టరు ఉంటే నీళ్లు మార్చే పని లేదని కొందరు అనుకుంటారు. అది తప్పు. చివరికి మిగిలే నైట్రేట్‌ను ఫిల్టరు తీయలేదు. వారానికి ఒకసారి పావు వంతు నీళ్లు, అంటే మన తొట్టెకు 11 లీటర్లు, ఒక బకెట్, తీసి కొత్తవి పోయాలి. తీసిన నీళ్లు వంటగది వెనక కరివేపాకు చెట్టుకు పోస్తున్నాం, నైట్రేట్ దానికి ఎరువు. కొత్త నీళ్లను ముందు రోజే బకెట్లో పట్టి, మూత లేకుండా ఒక రోజంతా ఉంచితే బ్లీచింగ్ వాసన పోతది. తొందరైతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

కరెంటు రెండు మూడు గంటలు పోతే భయం లేదు. మేత మాత్రం వేయొద్దు. ఇంకా ఎక్కువసేపు పోతే గంటకొకసారి చెంబుతో తొట్టె నీళ్లే ముంచి పైనుంచి పోస్తుండాలి, గాలి కలుస్తుంది. ఐదారు గంటలు దాటితే డబ్బాలో నిలిచిన నీళ్లు చెడిపోతాయి, బాక్టీరియాలు గాలి లేక చావడం మొదలవుతుంది. అప్పుడు కరెంటు రాగానే అట్లనే నడపొద్దు. స్విచ్ బంద్ చేసి, డబ్బా నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టె నీళ్లలో ఒకసారి పిండి, తర్వాత నడపాలి.

ఇప్పుడు వార్డెన్ మేడం గారికి, హెడ్‌మాస్టర్ సార్‌కు ఒక విన్నపం. సంక్రాంతి సెలవులకు అందరం ఇండ్లకు పోతాం. ప్రతిసారి హాస్టల్ మూసేటప్పుడు మెయిన్ స్విచ్ తీసేస్తారు. పెద్ద గప్పీలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు. ఫిల్టరు లేకుండా ఉండడం కష్టం, అందులోనూ ఈ ఐదో వారంలో. ఈసారి కూడా చనిపోతే తొట్టె తీసేసి ఆ జాగలో బీరువా పెడతామని సార్ ప్రార్థన దగ్గర చెప్పారు. ఆఫీసు వరండా లైను వేరే ఫ్యూజు మీద ఉన్నదని కరెంటాయన చూసి చెప్పిండు. మెయిన్ స్విచ్ తీయకుండా మిగతా ఫ్యూజులన్నీ తీసి ఆ ఒక్కటి ఉంచితే చాలు. వాచ్‌మన్ తాత రోజుకొకసారి వచ్చి నీళ్లు పడుతున్నాయో లేదో చూస్తానని ఒప్పుకున్నడు. ఆ ఫ్యూజు దగ్గర ఎర్ర సిరాతో "తీయొద్దు" అని కాగితం అంటించినం. తాతకు సదువు రాదు కాబట్టి పక్కన చేప బొమ్మ కూడా వేసినం.